బ్రౌజర్ల పందెం, పక్కింటి తెల్ల పేజీ

నరసరావుపేట బజారులో మా నాన్నది కిరాణా కొట్టు. పక్కది మా పెదనాన్నది, ఎదురుగా మా మేనమామ బట్టల దుకాణం. అక్షరాలకంటే ముందు నాకు వంటబట్టింది బేరం. ఐర్లండ్ వచ్చి ఇన్నేళ్ళయినా అది వదల్లేదు. కార్క్‌లో శనివారం పూట రైతులు కూరగాయలు తెచ్చి అమ్ముతారు. ఒకసారి అక్కడ బీట్‌రూట్ కట్ట దగ్గర బేరం మొదలుపెట్టాను. ఆ రైతు నన్ను కాసేపు జాలిగా చూసి, వదిలించుకోవడానికి రెండు క్యారెట్లు ఊరికే చేతిలో పెట్టాడు. గెలిచానని ఇంటికొచ్చి చెప్పుకున్నాను. మా ఆవిడ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "పారేయడానికి బద్ధకమై మీకిచ్చాడు" అంది.

ఇప్పుడు రాయబోయేది అలా నవ్వుకునే బేరం కాదు. మహమ్మారి మొదటి ఏడాది ఆఫీసులో ఒకటి ఆడాను. దాంట్లో కూడా గెలిచాను.

మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. నర్సింగ్ హోములకు ఒక వెబ్ పేజీ చేసి ఇచ్చే పని మా మీద పడింది. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళలోలాగా చిన్న ఆసుపత్రి కాదు. ముసలితనంలో ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోకపోతే గడవనివాళ్ళు ఉండే చోటు. కరోనా భయంతో లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. బంధువులు తోటలో నిలబడి కిటికీ అద్దంలోంచి చూసి పోవాలి. దానికీ ముందుగా సమయం తీసుకోవాలి. ప్రతి సోమవారం పొద్దున తొమ్మిదికి ఆ వారం సమయాలు మా పేజీలో తెరుచుకునేవి. కాసేపట్లో అయిపోయేవి. ఎవరి పేజీ ముందు తెరుచుకుంటే వాళ్ళకి దొరికినట్టు.

అందుకని మా టీము పెద్దావిడ, కార్క్ మనిషే, వీడియో కాల్‌లో నాకొక పని చెప్పింది. "జనం వాడే బ్రౌజర్లలో ఏది మన పేజీని ఎంత త్వరగా తెరుస్తుందో చూడు. ఏది ఎంతమంది వాడుతున్నారో కూడా చూడు. రెండూ కలిపి ఒక్క కాగితంలో రాసిస్తే, వేటికి పని చేయాలో వేటిని వదిలేయాలో తేల్చుకుందాం."

అప్పట్లో నా ఆఫీసు మేడ మీది చిన్న గది. నా బల్ల ఇస్త్రీ బల్ల. దానిమీద లాప్‌టాప్ పెట్టి నాలుగు బ్రౌజర్లను వరసగా నిలబెట్టాను. రంగుల చక్రం గుర్తుది, నక్క గుర్తుది, దిక్సూచి గుర్తుది, ఇక నాలుగోది, ఒకప్పుడు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉండి, ఇప్పుడు పాతబడిపోయిన నీలం అక్షరం. ఒక్కోదాంట్లో అప్పటికి నడుస్తున్న మా పాత పేజీని పదేసిసార్లు తెరిచి, ఎంతసేపు పట్టిందో రాసుకున్నాను. ఏ బ్రౌజరైనా మొదటిసారి నెమ్మదిగానే తెరుస్తుంది. రెండోసారి నుంచి సగం సరుకు తన దగ్గరే దాచుకుని ఉంటుంది కనుక చురుగ్గా ఉంటుంది. మూడు కొత్త బ్రౌజర్లకూ ఆ మొదటి పరుగును లెక్కలోంచి తీసేశాను. పాతదానికి మాత్రం ఉంచాను. పదింట్లో ఒకటేగా అనుకున్నాను. కాటా మీద వేలు ఆనించేవాడు కూడా ఒక్క వేలేగా అనే అనుకుంటాడు.

అంత పక్షపాతం ఎందుకంటే, మేం అప్పటికే రాస్తున్న కొత్త పేజీ ఆ పాత బ్రౌజర్‌కి అసలు అర్థం కాదు. అర్థమయ్యేట్టు చేయాలంటే మూడు వారాల పని, ఆ పని చేయాల్సింది నేను. అంత చాకిరీ తప్పించుకోవడానికి ఒక కాగితం చాలని నాకు తెలిసిపోయింది.

ఎంతమంది ఏది వాడుతున్నారన్నది ఇంకా సులువుగా తేలింది. కొత్త పేజీని రెండు హోముల్లో పరీక్షకు పెట్టి ఉన్నాం. పేజీ తెరుచుకోగానే, వచ్చినవాళ్ళది ఏ బ్రౌజరో రాసుకునే చిన్న లెక్కింపు ముక్క దాంట్లో ఉంది. తీసి చూశాను. రంగుల చక్రానిది పెద్ద వాటా, దిక్సూచిది తర్వాత, నక్కది కొంచెం. పాత బ్రౌజర్ వరసలో సున్నా.

ఒక్కరంటే ఒక్కరు కూడా లేకపోవడమేమిటి? ముసలివాళ్ళను చూడడానికి వచ్చేవాళ్ళలో సగంమంది తామూ ముసలివాళ్ళే. సున్నా ఎందుకొచ్చిందో నాకు వెంటనే తట్టింది. కొత్త పేజీ ఆ బ్రౌజర్‌లో తెరుచుకోదు. తెరుచుకోకపోతే లెక్కింపు ముక్క పని చేయదు. కాబట్టి అందులోంచి వచ్చినవాళ్ళు ఎంతమందైనా సున్నాగానే కనిపిస్తారు. నాకు తట్టలేదని చెప్పుకోవాలని తర్వాత ఎన్నోసార్లు అనిపించింది. కానీ తట్టింది. కప్పులో టీ చల్లారేంతసేపు దాని గురించి ఆలోచించాను కూడా.

మా నాన్న సాయంత్రం కొట్టు కట్టేసేముందు గుమాస్తాను ఒకటే అడిగేవాడు, "ఇవాళ ఉత్త చేతుల్తో పోయిందెవర్రా? ఏమడిగారు?" అని. అమ్మకం ఎంతన్నది ఆ తర్వాత. కొన్నవాళ్ళు ఎలాగూ మళ్ళీ వస్తారు, మెట్టు దిగిపోయినవాళ్ళ సంగతే తెలియాలనేవాడు. ఆ కొట్లో పెరిగినవాణ్ణి, మెట్టు దిగిపోయినవాళ్ళు లేరని కాగితం మీద రాశాను. "పాత బ్రౌజర్: నెమ్మది. వాడేవారు: లేరు." రెండు గళ్ళు, రెండు మాటలు. అందంగా రంగుల పట్టీలు కూడా గీశాను.

టీము పెద్దావిడ చూసి, "బాగుంది. పోనీ, పాత బ్రౌజర్‌తో వచ్చినవాళ్ళకి 'ఇది ఇందులో తెరుచుకోదు, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని ఒక ముక్క పెడదామా?" అంది. ఒక్కరోజు పని. అప్పటికే మూడు వారాలు గెలిచినవాణ్ణి, ఆ ఒక్కరోజుకీ బేరం పెట్టాను. "ఎవరూ రాని గుమ్మానికి బోర్డెందుకు?" అన్నాను. ఆమె నవ్వింది. "గ్రాండ్" అంది. ఇక్కడ గ్రాండ్ అంటే గొప్ప అని కాదు, సరే కానీ అని. ఆ నెలలోనే కొత్త పేజీ అన్ని హోములకూ వెళ్ళిపోయింది.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఉంది. పక్కింట్లో ఎనభై దగ్గరపడ్డ పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. రైల్వేలో పని చేసి రిటైరయ్యాడు. ఆయన భార్యకు జ్ఞాపకం పోతూ ఉండడంతో అంతకు రెండేళ్ళ ముందే నర్సింగ్ హోములో చేర్చారు. కరోనాకు ముందు రోజూ వెళ్ళేవాడు. కిటికీ పద్ధతి వచ్చాక వారానికొకసారి. వెళ్ళేటప్పుడు ఒక బేరిపండు పట్టుకెళ్ళేవాడు. లోపల నర్సు దాన్ని ముక్కలు కోసి ఆవిడకు పెడుతుంటే ఈయన అద్దం ఇవతల నిలబడి చూసేవాడు. "నన్ను గుర్తుపట్టడానికి మొదట కొంచెం టైము పడుతుంది. కానీ గుర్తుపడుతుంది. వారం దాటనివ్వకూడదు, అంతే" అని ఒకసారి నాతో అన్నాడు.

మేం కొత్త పేజీ పెట్టిన తర్వాతి సోమవారం, నేను చెత్త డబ్బా బయట పెడుతుంటే ఆయన గోడ దగ్గరికొచ్చాడు. బయటికి వెళ్ళడానికి తయారైనట్టు కోటు వేసుకుని ఉన్నాడు.

"ఈ వారం ఏమీ లేదు" అన్నాడు.

"అందరూ ఎగబడుతున్నారండీ" అన్నాను. అది మా కంపెనీ పేజీ అని ఆయనకు చెప్పలేదు. చెబితే సిఫార్సు అడుగుతాడేమోనని.

తర్వాతి సోమవారం కూడా అదే. ఆ తర్వాతిదీ అంతే. నేను ప్రతిసారీ అయ్యో అనేవాణ్ణి. హోముకు ఫోన్ చేసి చూడమన్నాను. చేశానన్నాడు. సమయాలన్నీ వెబ్ పేజీలోనే అని రికార్డు చేసిన గొంతు చెబుతోందట. అక్కడివాళ్ళ చేతుల్లో ఉన్న పనికి తోడు వాళ్ళను ఇంకా విసిగించడం బాగుండదని ఊరుకున్నాడు. వాళ్ళమ్మాయి ఉండేది స్లైగోలో. లాక్‌డౌన్‌లో అంత దూరం నుంచి రావడానికి లేదు. ఆమెతో కూడా "ఈ వారం ఖాళీ లేదట" అనే చెబుతున్నాడు.

ఐదో సోమవారం, సన్నగా జల్లు పడుతుంటే మా ఆవిడ బట్టలు తీగ మీంచి లాగుతోంది. నేను బుట్ట పట్టుకుని నిలబడ్డాను. పెద్దాయన గోడ అవతల నుంచి అన్నాడు.

"లేదంటే లేదని ఒక మాటైనా రాయొచ్చుగదా. ఉతికిన దుప్పటిలా ఉంటుంది. పైన హోము పేరు, కింద అంతా తెలుపు."

సమయాలు అయిపోతే మా పేజీలో ఎర్రటి అక్షరాలతో అయిపోయాయని వస్తుంది. తెల్లగా రావడమన్నది లేదు. ఒక్క సందర్భంలో తప్ప.

"మీ కంప్యూటర్ ఏదండీ?" అన్నాను.

"మా అమ్మాయిది, పాతది. ప్రెస్‌లో పెడతాను, సోమవారం తీస్తాను" అన్నాడు. ప్రెస్ అంటే ఇక్కడ అల్మారా.

"ఒకసారి ఇటివ్వండి, చూస్తాను."

ఒకరింట్లోకి ఒకరు వెళ్ళకూడని రోజులు. ఆయన దాన్ని గిన్నెలు తుడిచే గుడ్డలో చుట్టి గోడ మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు. మా ఆవిడ శానిటైజర్‌తో దానికి స్నానం చేయించినంత పని చేసింది. వంటింటి బల్ల మీద తెరిచాను. తెర మీద నీలం అక్షరం. నొక్కాను. హోము పేరు వచ్చింది, దాని కింద తెలుపు.

ఏ పేజీ ఎప్పుడు తెరిచారో బ్రౌజర్ రాసిపెట్టుకుంటుందిగదా, ఆ పట్టిక తీశాను. అందులో మా పేజీ తప్ప దాదాపు ఇంకేమీ లేదు. సోమవారం తొమ్మిది. తొమ్మిదీ ఒకటి. తొమ్మిదీ రెండు. అలా పది దాటేదాకా. దాని కింద అంతకుముందు సోమవారం, మళ్ళీ తొమ్మిది నుంచి పది దాకా. దాని కింద ఇంకొకటి. వేలు కిందికి జరుపుతూనే ఉన్నాను, అయిపోవడం లేదు.

మా ఆవిడ భుజం మీదుగా చూస్తోంది. "ఏంటండీ ఇదంతా? ఒక్కటే ఇన్నిసార్లు నొక్కాడా?"

"ఊఁ."

"మీ ఆఫీసు పేజీయేగా ఇది?"

"ఊఁ."

"పాడైందా?"

"పాడవలేదు. దీంట్లో తెరుచుకోదు."

"తెరుచుకోదని మీకు ముందే తెలుసా?"

దీనికి కూడా ఊఁ అనబోయి ఆగాను. తర్వాత మొత్తం చెప్పాను. కాగితం, రంగుల పట్టీలు, సున్నా, బోర్డెందుకన్న మాట. మా ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఐదు వారాల్నుంచీ ఆ గోడ దగ్గర నిలబడి 'అందరూ ఎగబడుతున్నారండీ' అని ఆయన్ను ఓదారుస్తున్నారుగదా మీరు" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే జవాబు చెప్పడానికి నాకు వీలుగా ఉండేది.

రంగుల చక్రం గుర్తుది ఆ పాత కంప్యూటర్‌లో ఎక్కించడానికి పావుగంట పట్టింది. మర్నాడు గోడ మీదుగా తిరిగి ఇచ్చేటప్పుడు, "కొత్త బ్రౌజర్ వేశాను, ఇక వస్తుంది" అన్నాను. ఆయన బ్రౌజరంటే ఏమిటని అడగలేదు. సాయంత్రానికి మా గుమ్మం ముందు ఆయన ఇంట్లో కాల్చిన సోడా బ్రెడ్డు, గుడ్డలో చుట్టి ఉంది. పొయ్యిలోంచి తీసి ఎంతోసేపు కాలేదు. నేను తినలేకపోయానని రాస్తే బాగుంటుంది. తిన్నాను, రెండు ముక్కలు, వెన్న రాసుకుని.

ఆఫీసుకు చెప్పాను. ఆ చెప్పడం కూడా ఎలా చెప్పానంటే, "కొందరు వాడుకరులకు పేజీ తెరుచుకోవడం లేదని ఇటీవల గమనించడమైనది" అని ఉత్తరం రాశాను. ఎవరు గమనించారో, ఎప్పుడు గమనించారో అందులో లేదు. టీము పెద్దావిడ, మా లెక్కింపు ముక్కతో సంబంధం లేకుండా సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టా తీయించింది. దాంట్లో గుమ్మందాకా వచ్చినవాళ్ళందరూ ఉంటారు. పాత బ్రౌజర్ వరసలో ఎంతమంది ఉన్నారో ఇక్కడ రాయను. మా పక్కిల్లు ఒక్కటే కాదని మాత్రం రాస్తాను. ఆమె నన్నేమీ అనలేదు. "సున్నా చూసినప్పుడు నీకు అనుమానం రాలేదా?" అని అడిగింది. "వచ్చింది" అన్నాను. కాల్‌లో ఆమె ముఖం కదలకుండా ఆగిపోయింది. నెట్ ఆగిందేమో అనుకున్నాను. ఆగలేదు. పాత బ్రౌజర్లో కూడా తెరుచుకునే మామూలు పేజీ ఒకటి, ఫోన్ నంబరుతో సహా, రెండు రోజుల్లో చేసి పెట్టాను. మూడు వారాల పనిని తప్పించుకున్నాననుకున్నాను. అది మూడు వారాల పనే కాదు.

ఆ తర్వాతి సోమవారం పెద్దాయనకు తొమ్మిదీ ఐదుకల్లా సమయం దొరికింది. బుధవారం మధ్యాహ్నం వెళ్ళొచ్చాడు. నేను గోడ దగ్గర కాచుకునే ఉన్నాను.

"ఎలా ఉన్నారావిడ?"

"గ్రాండ్, గ్రాండ్" అన్నాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "చెయ్యి ఊపింది. పోస్టు తెచ్చిన మనిషికి ఊపినట్టు. ఆ బయట ఉన్నాయన ఎవరని నర్సును అడిగిందట. మంచాయనలా ఉన్నాడు, చలిలో నిలబెట్టారే, లోపలికి రమ్మనండి అందట."

గోడ మీద చెయ్యి ఆనించి మళ్ళీ ఆయనే అన్నాడు.

"తప్పు నాదే. ఆ యంత్రం నాకు చేతకాదని ముందే ఒప్పుకుని, మొదటివారమే నిన్ను అడగాల్సింది. సిగ్గుపడ్డాను. ఐదు వారాలు."

నేను అప్పుడు నోరు తెరవాల్సింది. లోపల్లోపల బేరం నడుస్తోంది. ఆవిడకు ఎలాగూ జ్ఞాపకం పోయే జబ్బే. ఐదు వారాలు చూసినా ఇవాళ్టికి ఇంతే అయ్యుండేదేమో. కాకపోతే ఇంకో నెలకు. ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరన్నది నిజమే. ఆ నిజాన్ని నేను నా వైపుకి ఎంత వాడుకోవాలో అంతా వాడుకుంటున్నాను. "మీ తప్పేం లేదండీ" అని లోపలికొచ్చేశాను.

"చెప్పారా?" అంది మా ఆవిడ.

"ఇప్పుడు చెబితే ఆయనకేం లాభం?"

"లాభం సంగతి ఆయన చూసుకుంటాడు. మీరు చెప్పండి."

మర్నాడు చెప్పాను. ఆ పేజీ మా కంపెనీదని, మీ కంప్యూటర్‌లో తెరుచుకోకపోవడం నా వల్లేనని. ఆయన తల ఊపుతూ అంతా విన్నాడు. చివర గోడ మీద అరచేత్తో మెల్లగా తట్టి, "నువ్వు చాలా మంచివాడివి. నన్ను ఊరుకోబెట్టడానికి నీ మీద వేసుకుంటున్నావు" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన కూతురుతో ఫోన్లో మాట్లాడుతుంటే కిటికీలోంచి వినిపించింది. ఆయనకు చెవుడు, గట్టిగా మాట్లాడతాడు. పక్కింటి కుర్రాడు ఎంత మర్యాదస్తుడో చెబుతున్నాడు. నలభై దాటిన కుర్రాణ్ణి, బంగాళాదుంపల తొక్క తీస్తూ విన్నాను.

"అయితే మీరు ఒప్పుకున్నదానికి కూడా మెప్పే వచ్చిందన్నమాట" అంది మా ఆవిడ. నా చేతిలోంచి చాకు తీసుకుంది. "అర్థమయ్యేట్టు చెప్పి రండి. ఇంగ్లీషు వచ్చుగదా మీకు. జీతం దాంతోనేగా తెచ్చుకునేది."

శుక్రవారం పొద్దున ఆ కాగితం, రంగుల పట్టీలున్నది, అచ్చు తీసి పట్టుకెళ్ళాను. గోడ మీద పరిచి, గాలికి ఎగరకుండా రెండు చేతులూ ఆనించాను. "ఈ గడి మీరు" అన్నాను. "ఇక్కడ 'లేరు' అని రాసింది నేను. మీరు ఉన్నారని నాకు తెలిసే రాశాను. తెరుచుకోదని ఒక ముక్క పెడదామని మా పెద్దావిడ అంటే, వద్దన్నదీ నేనే. అందుకే మీకు తెల్లగా వచ్చింది."

కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళి తెచ్చుకున్నాడు. వంగి ఆ గడిని చదివాడు. చాలాసేపు చదివాడు, అందులో ఉన్నది ఒక్క మాటే అయినా. ఆయనకు కోపం వస్తే ఏం చెప్పాలో, ఏడిస్తే ఏం చెప్పాలో, తలుపేసుకుని వెళ్ళిపోతే వాళ్ళమ్మాయికి ఏమని రాయాలో అన్నీ సిద్ధం చేసుకుని వెళ్ళాను.

"అంటే నేను సరిగ్గానే నొక్కానా?" అన్నాడు.

"సరిగ్గానే నొక్కారు."

"ఐదు వారాలూ?"

"ఐదు వారాలూ. తొమ్మిది గంటలకి. నేను చూశాను."

ఆయన నడుం నిటారుగా చేసుకున్నాడు. కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడిచాడు. "సరిగ్గానే నొక్కాను" అని మళ్ళీ అన్నాడు, ఈసారి నాతో కాదు. నా వైపు చూడనే లేదు. నేను తెచ్చుకున్న జవాబుల్లో ఒక్కటి కూడా ఆయనకు అవసరం పడలేదు. ఆవిడను చూడ్డానికి తాను చేయాల్సినదంతా చేశాడా లేదా అన్నది తప్ప అప్పుడు ఆయనకింకేమీ పట్టలేదు. ఐదు వారాలు, ఆ తర్వాత ఇంకో పది రోజులు, దానికి జవాబు నా దగ్గరే ఉంది. ఇవ్వకుండా పెట్టుకున్నాను.

"ఈ కాగితం నేను ఉంచుకోవచ్చా?" అని అడిగాడు. "మా అమ్మాయికి చూపించాలి. నాకు చేతకాలేదని అనుకుంటోంది."

చేతులు తీశాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో పెట్టుకున్నాడు.